ట్రెంట్ హాల్వర్సన్ అంతిమయాత్ర

ఆ గురువారం పొద్దున రెనే హాల్వర్సన్ అనుకున్నది చాలా చిన్న పని. ఎనిమిదింటికి చర్చికి వెళ్లాలి, ఎవరివో అంత్యక్రియల తర్వాత పెట్టే భోజనానికి రొట్టెలకు వెన్న రాయాలి, సరిగ్గా తొమ్మిదింటికి పక్కకు తప్పుకుని ఫ్లోరిడాకు ఫోన్ చేయాలి. బయట చలి మైనస్ ఇరవై దాటడంతో బడికి సెలవిచ్చారు. పిల్లలిద్దరూ ఇంట్లోనే ఉన్నారు. అందుకని ఇంటి నుంచి చేయడానికి వీల్లేదు.

ఫ్లోరిడాలోని ఆ మహా పార్కుకు హాల్వర్సన్ కుటుంబం వెళ్లడం ఇదే మొదటిసారి. అయినా దాన్ని కట్టినవాళ్ల కంటే దాని గురించి తనకే ఎక్కువ తెలుసని రెనే నమ్మకం. పద్నాలుగు నెలలు కూర్చుని నలభై మూడు పేజీల పథకం రాసింది. ఏ గంటకు ఏ బొమ్మ పడవ ఎక్కాలి, ఏ వరుసలో నిలబడినప్పుడు ఏ చిరుతిండి తినాలి, చివరికి ఎవరు ఎప్పుడు బాత్రూముకు వెళ్లాలి అన్నది కూడా అందులో ఉంది. ట్రెంట్ ఆమె భర్త. జిల్లా రోడ్ల మీద మంచు తోసే లారీ నడుపుతాడు. సెలవంటే అతని దృష్టిలో గడ్డకట్టిన చెరువు మీద కన్నం చేసి చేప కోసం ఎదురుచూడడం. మొదట్లో రానని మొండికేశాడు. ఏడో నెలలో అలిసిపోయి ఒప్పుకున్నాడు.

పిల్లలకు మాత్రం చెప్పలేదు. చెబితే వీడియో పాడవుతుంది. ఇలాంటి వీడియోలు రెనే ఇంటర్నెట్‌లో రెండు వందలు చూసింది. పిల్లలు పెట్టె తెరుస్తారు, బెలూన్లు పైకి లేస్తాయి, ఎక్కడికి వెళ్తున్నామో తెలిసి పిల్లలు ఆనందంతో ఏడుస్తారు, తల్లి కూడా ఏడుస్తుంది, చూసినవాళ్లంతా ఏడుస్తారు. తన పిల్లలు వాళ్లందరికంటే బాగా ఏడవాలని రెనే కోరిక.

తొమ్మిదింటికి ఆమె చర్చి వంటింటి పక్కనున్న సామాన్ల గదిలోకి దూరి, తలుపు వేసుకుని, ఫోన్ చేసింది.

"అరవై రోజులే మిగిలాయండీ... తెలుసండీ, తేదీ ఇంక జరపడం కుదరదని తెలుసు... లేదు, పిల్లలకి చెప్పలేదు. ఆఖరి రోజు దాకా చెప్పం... మా ఆయనా? ఆయన అంత నడవలేరు. చక్రాల కుర్చీ మీరే ఇస్తారా?... మధ్యాహ్నం పూట ఆయన్ని ప్రశాంతంగా పడుకోబెట్టే చోటేమన్నా ఉందా?... ఫొటోలు మాత్రం బాగా రావాలండీ. పిల్లలకి రేపు మిగిలేవి అవేగా."

చక్రాల కుర్చీ ట్రెంట్ మోకాలి కోసం. లారీలోంచి దిగుతూ జారి, ఆ మోకాలు రెండేళ్లుగా సతాయిస్తోంది. ఆ సంగతి రెనేకు తెలుసు, ఫోన్లో ఉన్న అమ్మాయికి తెలుసు. బీట్‌రూట్ ఊరగాయ సీసా కోసం అలమార వెనక వంగి ఉన్న ఆర్డిస్‌కు మాత్రం తెలియదు.

ఆర్డిస్ వయసు డెబ్బై నాలుగు. ముప్పై ఏళ్లుగా ఎల్డర్ లేక్ ఊరి లూథరన్ చర్చి వంటిల్లు ఆమె ఏలుబడిలో ఉంది. విన్నది విన్నట్టు నమ్మే మనిషి కాదు ఆమె. కాస్త తనది కలిపి నమ్ముతుంది. ఊళ్లో ఎవరికైనా బాగా లేదంటే ముందుగా కళ్లనీళ్లు పెట్టుకునేదీ, ముందుగా పొయ్యి వెలిగించేదీ ఆమే. రెండింటిలో ఏది ఆమెకు ఎక్కువ సంతోషమో చెప్పడం కష్టం. ఫోన్ పెట్టేసి రెనే వెళ్లిపోయేదాకా ఆమె ఊపిరి బిగబట్టుకుని అలాగే వంగి ఉంది.

సాయంత్రం ఐదింటికి రెనే ఇంటి తలుపు చప్పుడైంది. వాకిట్లో ఆర్డిస్. చేతిలో పెద్ద గాజు పళ్లెం, దాన్నిండా పొగలు కక్కే హాట్‌డిష్. ఖీమా, చిక్కుడు గింజలు, డబ్బా సూప్ కలిపి, పైన బంగాళాదుంప ముక్కలు పేర్చి కాల్చే వంటకం అది. ఆ ఊళ్లో నోటితో చెప్పలేనివన్నీ ఆ పళ్లెంలో పెట్టే చెబుతారు.

"నేనేమీ అడగనమ్మాయ్," అంది ఆర్డిస్.

"అయ్యో, ఎందుకండీ ఈ శ్రమ?"

"నువ్వేమీ చెప్పొద్దు కూడా." రెనే భుజం ఒకసారి గట్టిగా నొక్కి, కళ్లు తుడుచుకుంటూ కారెక్కింది.

మర్నాటికి పళ్లాలు ఆరయ్యాయి. ట్రెంట్‌కు అనుమానమే రాలేదు. "పోయిన వారం అందరి వాకిళ్లలో మంచు తోశాను కదా. మేలు మరవని ఊరు," అంటూ మూడోసారి వడ్డించుకున్నాడు. రెనేకు వచ్చిన అనుమానం వేరు. ఆర్డిస్‌కు పార్కు విషయం తెలిసిపోయింది! లేకపోతే అంత రహస్యంగా మాట్లాడడమెందుకు? ప్రయాణం పనుల్లో వంట చేసుకునే తీరిక ఉండదని జాలిపడి పంపిస్తున్నారు. ఇంత పెద్ద పథకాన్ని ఊరు గుర్తించినందుకు ఆమె లోలోపల పొంగిపోయింది.

శుక్రవారం మధ్యాహ్నం పాస్టర్ గ్రెచెన్ వచ్చింది. ఇంటింటికీ వెళ్లి తాగిన కాఫీలను బట్టి ఆమె భక్తిని కొలిస్తే, ఆ జిల్లాలో అంత భక్తురాలు లేదు. రెండో కప్పు దాకా వాతావరణం గురించి మాట్లాడి, తర్వాత గొంతు తగ్గించింది.

"ఆర్డిస్ గారు నాకు చెప్పారు, రెనే."

"అనుకున్నాను పాస్టర్ గారూ. పిల్లలకి మాత్రం తెలీకూడదు."

"నా నోట రాదు. ట్రెంట్ ఎలా ఉన్నాడు? ఒప్పుకున్నాడా?"

"మొదట్లో అస్సలు వద్దన్నాడండీ. ఇప్పుడు, ఎలాగూ ఒకరోజు పోవాల్సిందేగా, ఈ ఏప్రిల్లోనే పోదాం అంటున్నాడు."

పాస్టర్ కప్పు సాసర్లో పెట్టేసింది. "ఎంత నిబ్బరం! మరి మీరు?"

"నాకైతే ఎప్పుడెప్పుడా అని ఉంది. పద్నాలుగు నెలల్నించీ నేను చేస్తున్నది అదేగా. ఇంక ఎదురుచూడ్డం నా వల్ల కావట్లేదు."

పాస్టర్ ఆమె చెయ్యి అందుకుంది. పాతికేళ్ల సేవలో ఇంత నిజాయితీగా మాట్లాడిన భార్య ఆమెకు తగల్లేదు. "అక్కడ చలి ఉండదు, నొప్పి ఉండదు," అంది మెల్లిగా.

"అవునండీ, అంతా ఎండేనట!" అంది రెనే.

శనివారం ఉదయం ఎనిమిదింటికి మూడు ట్రక్కులు వచ్చి ఇంటిముందు ఆగాయి. ఆర్డిస్ భర్త మిల్టన్ తొమ్మిదిమంది మగవాళ్లతో, రంపాలతో, చెక్కలతో దిగాడు. "గుడ్‌మార్నింగ్," అన్నాడు ట్రెంట్‌తో. "గుడ్‌మార్నింగ్," అన్నాడు ట్రెంట్. ఇక ఎవరూ మాట్లాడలేదు. ఎల్డర్ లేక్‌లో ఒకరినొకరు ప్రశ్నలడగడం మర్యాద కాదు. తన ఇంటి మెట్ల మీద పదిమంది పడి ఏదో కడుతుంటే, ఏం కడుతున్నారని అడగలేక ట్రెంట్ మూడు గంటలపాటు మేకులు అందించాడు. పదకొండింటికి రెనే కాఫీ తీసుకుని బయటికొచ్చేసరికి వాకిలి నుంచి కారు షెడ్డు దాకా చక్కటి వాలుబల్ల తయారైంది.

"మిల్టన్ గారూ, ఇది... ఇది దేనికండీ?"

మిల్టన్ టోపీ తీశాడు. తన బూట్లకేసి చూస్తూ అన్నాడు: "చక్రాల కుర్చీకమ్మా. పోయేలోపు మనిషికి గడప దాటడం కష్టం కాకూడదుగా."

కాఫీ పళ్లెం మంచులో పడింది.

లోపలికెళ్లి ఆర్డిస్‌కు ఫోన్ చేసింది రెనే.

"మా ఆయన పోతున్నాడని ఎవరు చెప్పారండీ?"

"నేనెవరికీ చెప్పలేదమ్మాయ్, ఒట్టు! ప్రార్థన గొలుసులో పెట్టానంతే." ప్రార్థన గొలుసు అంటే ఒకరి తర్వాత ఒకరు నూటపది ఇళ్లవాళ్లు ఫోన్లు చేసుకోవడం. "దేవుడికి చెప్పుకోవడం ఊరికి చెప్పడం అవుతుందా?"

"అది కాదండీ, అసలు మేం వెళ్లేది..." అని రెనే వెనక్కి తిరిగింది. గుమ్మంలో కూతురు బ్రిన్ నిలబడి చూస్తోంది. పదేళ్ల పిల్ల. రెనే నోరు మూసుకుంది.

"పిల్లలు పక్కనున్నారా? అర్థమైందమ్మా. చెప్పకు, చెప్పకు," అని ఆర్డిస్ వెక్కుతూ పెట్టేసింది.

ఆ పూటే ఆర్డిస్ ఇంటికి నడిచివెళ్లి నిజం చెప్పేస్తే సరిపోయేది. అయితే ఆర్డిస్‌కు చెప్పిన నిజం సోమవారానికల్లా బడికి చేరుతుంది, బడి నుంచి బ్రిన్‌కు, ఏడేళ్ల కోల్‌కు చేరుతుంది. పెట్టె, బెలూన్లు, వీడియో అన్నీ పోతాయి. కారు షెడ్డులో నిలబడి మొగుడూ పెళ్లాలు మాట్లాడుకున్నారు.

"అంటే ఏప్రిల్ దాకా నేను చావాలా?" అన్నాడు ట్రెంట్.

"చావక్కర్లేదు. ఎవరన్నా అడిగితే ఏమీ చెప్పకు, అంతే."

"ఎవరూ అడగరుగా."

"మన అదృష్టం అదే. నలభై మూడు పేజీలు, ట్రెంట్! రెండు నెలలు ఓపిక పట్టలేవా?"

మొదటి వారం ట్రెంట్ సిగ్గుపడ్డాడు. రెండో వారం అలవాటు పడ్డాడు. మూడో వారానికి బాగుందనిపించింది. పైఅధికారి అతన్ని లారీ మీంచి దింపి, హీటరున్న ఆఫీసు గదిలో కూర్చోబెట్టాడు. కాఫీ హోటల్లో కిటికీ పక్క కుర్చీ ఎప్పుడెళ్లినా అతని కోసం ఖాళీ అవుతోంది. పక్కింటివాళ్లు అతని వాకిట్లో మంచు తోసిపెడుతున్నారు. మొదట్లో వద్దని తల అడ్డంగా ఊపేవాడు కాస్తా నిట్టూర్చడం నేర్చాడు. ఆ తర్వాత కుర్చీలోంచి లేచేటప్పుడు మూలగడం నేర్చాడు. హాట్‌డిష్ మాత్రం రెండు నెలలూ వస్తూనే ఉంది. చావబోతున్న మనిషి మార్చి నెలాఖరుకు ఆరు కిలోలు పెరిగాడు. "ఒళ్లు నీరు పట్టింది, పాపం," అంది ఆర్డిస్.

ఇంట్లో బ్రిన్ చెప్పకుండానే గిన్నెలు కడుగుతోంది. తమ్ముడితో పోట్లాట మానేసింది. రోజూ తన వాటా ఐస్‌క్రీం తండ్రి ముందు పెట్టి, ఆయన తినేదాకా చూస్తూ కూర్చుంటోంది. ఫ్రిజ్‌కు తాను అంటించిన మంచి నడవడిక పట్టిక వల్లే పిల్ల బాగుపడిందని రెనే అనుకుంది. అదే మాట ఇంటర్నెట్‌లో రాసి తోటి తల్లులకు సలహా కూడా ఇచ్చింది.

ఏప్రిల్లో ఆ ఆదివారం రానే వచ్చింది. మధ్యాహ్నం విమానం. ఉదయం ఏడింటికి రెనే హాల్లో ఫోన్ నిలబెట్టి, లైట్లు సర్ది, పెద్ద పెట్టె మధ్యలో పెట్టి పిల్లల్ని పిలిచింది. మూత తీశారు. బెలూన్లు లేచాయి. లోపలున్న అట్ట మీద "మనం ఇవాళే పార్కుకి వెళ్తున్నాం!" అని రాసి ఉంది.

బ్రిన్ చదివింది. బావురుమంది. అక్కను చూసి కోల్ కూడా అందుకున్నాడు. రెండు వందల వీడియోల్లో ఎవరూ అలా ఏడవలేదు. నేల మీద కూలబడి, ఊపిరి అందక ఏడ్చారు. రెనే ఆనందంతో కళ్లు తుడుచుకుంటూ ఫోన్ ఇంకాస్త దగ్గరికి జరిపింది.

"వద్దమ్మా! వెళ్లొద్దు!" అంది బ్రిన్. "అక్కడికి తీసుకెళ్తే ఇంక అయిపోయినట్టేట. మా క్లాసులో కెల్సీ వాళ్లు వాళ్ల తాతయ్యని ఆఖరి కోరికని అక్కడికే తీసుకెళ్లారు. నెల తిరక్కుండా పోయాడు."

"ఎవరే పోయేది?"

"నాన్న! నాకు ఫిబ్రవరి నించీ తెలుసు. అందరికీ తెలుసు. మీరే చెప్పలేదు."

రెనే ఫోన్ ఆపేసింది. ట్రెంట్ పరుగున వచ్చి పిల్లలిద్దర్నీ ఒళ్లోకి లాక్కున్నాడు. రెండు నెలల్లో మొదటిసారి అతనికి నిజంగా ఒంట్లో బాగాలేనట్టయింది. "ఒరేయ్, నాకేం కాలేదురా! ఇదిగో చూడండి," అని నేల మీద బోర్లా పడి దండీలు మొదలుపెట్టాడు. హాట్‌డిష్ ఒళ్లు కదా, నాలుగో దండీకి దగ్గొచ్చింది. కోల్ కెవ్వుమన్నాడు.

చివరికి బ్రిన్ ఒక షరతు పెట్టింది. "చర్చిలో అందరి ముందూ చెప్పు. అక్కడ అబద్ధం చెప్పరుగా. అప్పుడు నమ్ముతా."

తొమ్మిదింటి ఆరాధనలో, ప్రార్థన మనవులు చెప్పే వేళకు రెనే లేచి మైకు ముందు నిలబడింది.

"మా ఆయనకి ఏ జబ్బూ లేదండీ. మేం ఫ్లోరిడాలో పార్కుకి వెళ్తున్నాం. ఆ రోజు నేను ఫోన్లో మాట్లాడింది అక్కడి వాళ్లతో. చక్రాల కుర్చీ మోకాలి కోసం. ఇన్నాళ్లూ చెప్పకపోవడం నా తప్పు. క్షమించండి."

రెండో వరుసలోంచి ఆర్డిస్ ఏడుపు వినిపించింది. "ఎంత గుండె నిబ్బరం తల్లీ నీది! పిల్లల కోసం ఇంత నటిస్తున్నావా!" అంటూ వచ్చి రెనేను కౌగిలించుకుంది. ఆమె వెనక ఇంకో పదిమంది వచ్చారు. ట్రెంట్ లేచి, "నిజంగానే బాగున్నానండీ," అన్నాడు. అది విని మిల్టన్ రుమాలు తీశాడు. పాస్టర్ పక్కనున్నవాళ్లతో, "నిజాన్ని ఒప్పుకోలేకపోవడం దుఃఖానికి మొదటి మెట్టు. ఎవరూ కాదనకండి," అని గుసగుసలాడింది.

చర్చిలో కూడా అబద్ధం చెప్పిందని బ్రిన్ తల్లికేసి చూసిన చూపు అట్లాంటాలో విమానం మారేదాకా అలాగే ఉంది.

పార్కులో మొదటి మూడు రోజులు నలభై మూడు పేజీల్లో రెండు పేజీలు కూడా నడవలేదు. పిల్లలు తండ్రిని చక్రాల కుర్చీలోంచి లేవనిస్తే కదా! ఎండ తగిలితే గొడుగు పట్టారు. వరుసలో ఎవరైనా దగ్గితే దూరంగా తోసుకెళ్లారు. మధ్యాహ్నం ట్రెంట్ కునుకు తీస్తే ఇద్దరూ చెరోవైపు కూర్చుని పొట్ట లేస్తోందా లేదా అని చూశారు. "పది నలభైకి పడవలో ఉండాలి మనం!" అని రెనే మొత్తుకుంటే, "నాన్న పడుకున్నాడు. నీకు జాలి లేదా?" అన్నాడు కోల్. పక్కన నిలబడ్డ ముక్కూ మొహం తెలియని ఆడవాళ్లు రెనేను అసహ్యంగా చూశారు.

నాలుగో రోజు ట్రెంట్ విసిగిపోయాడు. కుర్చీలోంచి లేచి, పిల్లలు కాళ్లు పట్టుకుని లాగుతున్నా వినకుండా, అన్నిటికంటే ఎత్తయిన రోలర్ కోస్టర్ ఎక్కాడు. దిగుతూనే పూలకుండీలో వాంతి చేసుకున్నాడు. పిల్లల ఏడుపుకు పార్కు వైద్యుడు బండేసుకుని వచ్చాడు. అరగంటసేపు గుండె, నాడి, రక్తపోటు అన్నీ చూసి, ఒక కాగితం రాసి బ్రిన్ చేతిలో పెట్టాడు.

"మీ నాన్నకి ఏమీ లేదు పాపా. గుండ్రాయిలా ఉన్నాడు. తిండి తగ్గించమను."

డాక్టరు మాట బ్రిన్ నమ్మింది. కాగితం రెండుసార్లు చదివింది. కళ్లు తుడుచుకుని తండ్రిని ఒకసారి గట్టిగా వాటేసుకుంది, ఆపైన రెండడుగులు వెనక్కి వేసింది.

"మరి రెండు నెలలు నా ఐస్‌క్రీం ఎందుకు తిన్నావ్?"

మిగతా మూడు రోజులూ పిల్లలు తల్లిదండ్రులతో అవసరానికి మించి మాట్లాడలేదు. చక్రాల కుర్చీలో కోల్ కూర్చున్నాడు. ట్రెంట్ కుంటుకుంటూ తోశాడు.

ఊరికి తిరిగొచ్చాక బ్రిన్ చేసిన మొదటి పని ఆ కాగితం బడిలో చూపించడం. తండ్రి చావడం లేదని ఇప్పుడు తన దగ్గర సాక్ష్యం ఉంది మరి. మధ్యాహ్నానికల్లా అది ఆర్డిస్ చేతికి చేరింది. కళ్లజోడు పెట్టుకుని చదివింది. గుండె బాగుంది. నాడి బాగుంది. ఏ జబ్బూ లేదు. కింద ఫ్లోరిడా డాక్టరు సంతకం.

"ఫిబ్రవరిలో చావడానికి సిద్ధంగా ఉన్నాడు. ఏప్రిల్లో ఏ జబ్బూ లేదు," అంది మిల్టన్‌తో. కాగితం గుండెకు హత్తుకుని, ప్రార్థన గొలుసు కోసం ఫోన్ అందుకుంది.

ఆదివారం చర్చి కిక్కిరిసిపోయింది. పక్క ఊళ్ల నుంచి కూడా వచ్చారు. ఎండకు ఎర్రబడిన మొహంతో ట్రెంట్ ముందు వరుసలో కూర్చుంటే, వెనకవాళ్లు మెడలు చాచి చూశారు. పాస్టర్ చెయ్యి చాచింది. "రెనే, వచ్చి నాలుగు మాటలు చెప్పండి."

రెనే మైకు ముందు నిలబడింది. ఎదురుగా రెండు వందల తడి కళ్లు. ముందు వరుసలో కాగితం పట్టుకుని ఆర్డిస్. నిజం ఒకసారి ఇక్కడే చెప్పి చూసింది. మళ్లీ చెబితే ఏమవుతుందో కూడా ఆమెకు తెలుసు. ఇంకో రెండు నెలలు హాట్‌డిష్ తినడం ఆమె వల్ల కాదు.

"మీ ప్రార్థనల వల్లేనండీ," అంది.

అందరూ గుండెల నిండా ఊపిరి తీసుకున్నారు. గొడవ ఇంతటితో తీరిపోయిందనుకుని రెనే కిందికి దిగింది. కానీ ఆర్డిస్ లేచి నిలబడింది.

"ప్రార్థనలు మనం అందరికీ చేశాం. ఐవర్‌కీ చేశాం, పోయాడు. లొరెయిన్‌కీ చేశాం, పోయింది. ట్రెంట్ ఒక్కడే బతికాడు. వాళ్లిద్దరూ ఎల్డర్ లేక్‌లోనే ఉండిపోయారు, ట్రెంట్ ఆ పార్కుకెళ్లాడు. తేడా ఎక్కడుందో మీరే చూడండి."

ఆరాధన ముగిసేసరికి కాఫీ బల్ల మీద పేర్ల పట్టిక వెలిసింది. మోకాళ్లు, నడుములు, మధుమేహం, ఆయాసం, మిల్టన్ చెవుడు, అన్నీ కలిపి నలభై నాలుగు పేర్లు. బస్సు ఆర్డిస్ మాట్లాడేసింది. దారి తెలిసిన మనిషి, పథకం చేతిలో ఉన్న మనిషి ఊళ్లో ఒక్కతే కాబట్టి, అందర్నీ వెంటబెట్టుకు వెళ్లాల్సింది రెనే అని ఏకగ్రీవంగా తీర్మానించారు. కాదనడం ఆ ఊళ్లో మర్యాద కాదు.

ఈసారి పిల్లలకు ముందే చెప్పారు. వాళ్లు రామన్నారు.